గ్యాసు అయిపోలేదు... కారిపోతోంది!

“సార్ రాలేదా మేడమ్?”

మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపి దిగగానే నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇది. కారుకి ఏమైందని కాదు, సార్ ఏరని!

“రాలేదండీ. ఏసీలో చల్లగాలి రావడం లేదు. ఏమిటో చూసి నాకే చెప్పండి” అన్నాను.

అతను బానెట్ ఎత్తి, ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి, “గ్యాసు అయిపోయింది మేడమ్. కొట్టిస్తే సరిపోద్ది. సార్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడించండి” అన్నాడు. ఒంగోలులో ఉద్యోగం చేసుకుంటున్న మావారికి ఫోన్ కలిపి ఇచ్చాను. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ, ఫోన్ నా చేతికి తిరిగి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. పద్ధెనిమిది వందలు కట్టి వచ్చేశాను. వరుసగా మూడో ఏడాది, అదే మార్చి నెల, అదే మాట... గ్యాసు అయిపోయింది!

మాది తెనాలి. మా కారు 2010లో కొన్న చిన్న కారు. ఇప్పటి కార్ల పక్కన పెడితే ముసలమ్మే. కానీ ఆ ముసలమ్మే మా ఇంట్లో ఇంకో పెద్దావిడకి ఆధారం. మా అత్తయ్యగారికి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. వెళ్ళేది ఒక ఎత్తు, తిరిగి వచ్చేది ఒక ఎత్తు. నాలుగు గంటలపాటు మెషీన్ మీద ఉండి, బీపీ పడిపోయి, చెయ్యి పట్టుకుంటే గానీ నడవలేని మనిషిని మే నెల మిట్టమధ్యాహ్నం పాతిక కిలోమీటర్లకు పైగా తీసుకురావాలి. మావారు శని, ఆదివారాలే ఇంట్లో ఉంటారు. కాబట్టి స్టీరింగు నా చేతిలోనే. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. అంచేత ఏసీ అనేది మాకు విలాసం కాదు. ఆవిడ మందులపెట్టెతో సమానం.

మార్చిలో గ్యాసు పట్టించామా, ఏప్రిల్ రెండో వారానికే మళ్ళీ కథ మొదటికొచ్చింది. రోడ్డు మీద పరుగెడుతున్నంతసేపూ చల్లగానే ఉండేది. గుంటూరు లాడ్జి సెంటర్లో ట్రాఫిక్ ఆగిందంటే చాలు, పొయ్యి మీది ఆవిరి మొహాన కొట్టినట్టు వేడిగాలి. వెనక సీట్లో పడుకున్న అత్తయ్యగారు ఒకరోజు “అమ్మాయ్, కళ్ళు తిరుగుతున్నాయే” అన్నారు. కారు పక్కకి ఆపి, చెట్టు నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే నాకు భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. కారు మీద కాదు, నా మీద!

ఎందుకంటే నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. పీడనం, ఆవిరి, గుప్తోష్ణం అంటూ పేజీలకు పేజీలు బట్టీపట్టి ఫస్ట్‌క్లాసులో పాసయ్యాను. ఆ చదువులో ఒక్క ముక్కయినా బానెట్ కింద పనికొస్తుందని ఏనాడూ అనుకోలేదు.

అసలు అనుమానం వంటింట్లో పుట్టింది. సిలిండర్ మారుస్తుంటే తోచింది. వంటగ్యాసు అయిపోతుందంటే అర్థముంది, అది మండుతుంది. కారు ఏసీలో గ్యాసు మండదే! మరి ఎలా అయిపోతుంది? పక్కనే మా ఫ్రిజ్జు గుర్రుమంటోంది. నా పెళ్ళికి మా నాన్న కొనిచ్చింది. పదిహేనేళ్ళుగా పగలూ రాత్రీ పనిచేస్తున్నా దానికి ఒక్కసారి కూడా గ్యాసు పట్టించలేదు. రెండింటిలోనూ జరిగే పని ఒక్కటే కదా!

ఒక్కటే. ఇంజెక్షన్ చేసేముందు నర్సమ్మ జబ్బ మీద స్పిరిట్ రాస్తే చల్లగా అనిపిస్తుంది చూడండి. స్పిరిట్ ఆవిరవుతూ మన ఒంటి వేడిని పట్టుకుపోతుంది. ఏసీ కూడా అంతే. డాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్‌లో గ్యాసు ద్రవం నుంచి ఆవిరిగా మారుతూ కారులోపలి వేడిని లాక్కుంటుంది. కంప్రెషర్ దాన్ని గట్టిగా నొక్కి, కారు ముందుభాగంలో రేడియేటర్‌కి ముందుండే కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ బయటిగాలి తగిలి వేడి వదిలేసి, మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. అదే గ్యాసు అలా తిరుగుతూనే ఉంటుంది. అయిపోవడం అన్న మాటే లేదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందన్న మాట. కారులో రబ్బరు గొట్టాలుంటాయి, గతుకుల రోడ్ల కుదుపులుంటాయి కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ కాస్త తగ్గడం సహజమే. ఏటా పట్టించాల్సి వస్తోందంటే మాత్రం చిల్లు ఉన్నట్టే. చిల్లుకుండలో నీళ్ళు పోసి డబ్బులు తీసుకునేవాణ్ణి మనం ఎప్పుడైనా ఊరుకుంటామా? మూడేళ్ళు ఊరుకున్నాను నేను!

ఆ ఆదివారం పొద్దున్నే, ఎండ రాకముందే, కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఆ పుస్తకానికి పద్నాలుగేళ్ళపాటు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు మా ఇంట్లో!

ముందుగా కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. చీర కట్టుకుని బానెట్ దగ్గరికి వెళ్ళకండి. కొంగు, చున్నీ, వేలాడే జడ తిరిగే బెల్టుకి చిక్కితే ప్రాణాలకే ముప్పు. ఇంజను ఆపేసినా ముందుండే ఫ్యాను ఒక్కోసారి తనంతట తనే తిరుగుతుంది. గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ దగ్గర లోహం తగిలితే నిప్పులు లేస్తాయి. మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచకండి, ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసన ఉండదు.

మొదట చూడాల్సింది గాలి. స్విచ్ వేసినా గాలే రాకపోతే ఫ్యూజో, బ్లోయర్ మోటారో చూడాలి. గాలి వస్తోంది కానీ నీరసంగా ఉంటే కేబిన్ ఫిల్టర్ చూడాలి. అది ఉన్న కార్లలో ఎక్కువగా ఎడమవైపు సామాన్ల అర వెనకాల ఉంటుంది. మా కారులో తీసి చూస్తే ఏముందనుకున్నారు? ఎండుటాకులు, దుమ్ము, ఒక బొద్దింక! టీ వడపోసే గుడ్డని ఏడాదిపాటు ఉతక్కపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇన్నాళ్ళూ అత్తయ్యగారు పీల్చింది ఆ గాలినే. కొత్తది కొనడానికి మూడొందలు కూడా కాలేదు.

రెండోది చప్పుడు. ఇంజను ఆన్ చేసి ఏసీ బటన్ నొక్కితే ముందునుంచి ‘టక్’మని వినపడాలి. కంప్రెషర్ పనిలోకి దిగుతున్న చప్పుడు అది. వినపడకపోతే ఫ్యూజు పోయి ఉండొచ్చు, రిలే పోయి ఉండొచ్చు, లేదా గ్యాసు మరీ తగ్గిపోయి కంప్రెషర్ చెడిపోకుండా దానంతట అదే ఆగి ఉండొచ్చు. మాకు ‘టక్’మంది. హమ్మయ్య అనుకున్నాను.

మూడోది ఫ్యాను. ఇక్కడ దొరికింది దొంగ! కారు పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌కి తగులుతుంది. ఆగినప్పుడు ఆ గాలిని లాగాల్సింది ఫ్యానే. మా కారుకి ఏసీ వేసినా ఫ్యాను తిరగడం లేదు. ట్రాఫిక్‌లో ఆగితే వేడి ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది. గ్యాసుకీ దానికీ సంబంధమే లేదు. ఫ్యూజుల పెట్టె మూత మీద బొమ్మ ఉంటుంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసేసి, ఆ బొమ్మ చూసుకుంటూ ఫ్యాను రిలే పీకి, అదే నంబరున్న హారన్ రిలేని దాని చోట పెట్టాను. మళ్ళీ ఇంజను, ఏసీ ఆన్ చేశాను. గిర్రున తిరిగింది ఫ్యాను! నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అరుగు మీద కూర్చున్న అత్తయ్యగారు “ఏమైందే?” అన్నారు. “హారన్ పోయింది, ఏసీ వచ్చింది అత్తయ్యా!” అన్నాను. హారన్ లేకుండా మన రోడ్ల మీద ఎక్కడికి వెళ్తాం? కొత్త రిలే తెచ్చేదాకా కారు కదల్లేదు. అదీ మూడొందల లోపే.

నాలుగోది మురికి. కండెన్సర్ నిండా మట్టి, చచ్చిన పురుగులు. ఇంజను పూర్తిగా చల్లారాక మామూలు గొట్టంతో మెల్లగా నీళ్ళు పట్టి కడిగాను. వేగంగా కొట్టే నీటిధార వద్దు. ఆ పల్చటి రేకులు వంగిపోతే గాలి ఆడదు.

ఇవన్నీ అయ్యాక రెండు వారాలు హాయిగా గడిచాయి. తర్వాత మళ్ళీ నెమ్మదిగా చల్లదనం తగ్గసాగింది. ఈసారి పరుగెడుతున్నా తగ్గింది. ఇంజను ఆపి, టార్చిలైటు వేసి గొట్టాల వెంట వెతికితే ఒక అతుకు దగ్గర జిడ్డుగా, నల్లగా మట్టి పేరుకుని కనపడింది. గ్యాసుతోపాటు కంప్రెషర్‌కి కావలసిన నూనె కూడా ఆ గొట్టాల్లో తిరుగుతుంది. గ్యాసు కారేచోట ఆ నూనె కూడా చెమ్మలా బయటికొచ్చి దుమ్ముని పట్టుకుంటుంది. వంటింట్లో సిలిండర్ లీకు చూసినట్టే సబ్బునురగ రాశాను. చిన్న చిన్న బుడగలు లేచాయి. మూడేళ్ళ మా డబ్బు ఆ బుడగల్లోంచే పోయింది!

అక్కడితో ఆగిపోయాను. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. గ్యాసు గొట్టాల అతుకులు ఇంట్లో విప్పకండి. కారు టైరులో గాలి ఒత్తిడి 30 పాయింట్లు ఉంటే, ఎండాకాలంలో కంప్రెషర్ దాటిన గొట్టంలో అది 200 పైన ఉంటుంది. అది చిమ్మితే కళ్ళు పోతాయి. బయటికి వచ్చిన గ్యాసు సున్నాకి ఇరవైఆరు డిగ్రీల కింద మరుగుతుంది కాబట్టి తగిలినచోట చర్మం గడ్డకట్టి చచ్చిపోతుంది. చవగ్గా వస్తుందని వంటగ్యాసు లాంటిది నింపే పెద్దమనుషులు కూడా ఉంటారు. అటువంటివాళ్ళ ఛాయలకు పోవద్దు. మండే గ్యాసుని డాష్‌బోర్డు వెనక పెట్టుకుని పిల్లాపాపలతో తిరగడం అవసరమా?

ఇంకొక సంగతి కూడా ఉంది. పూర్వం కార్ల ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ గ్యాసు ఆకాశంలో ఓజోన్ పొరని తినేస్తోందని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో పలు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో అందులో చేరింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు మించిన ఘనత దానిది. దీన్నీ క్రమంగా తగ్గించాలని 2016లో కిగాలిలో ఒప్పుకున్నారు, 2021లో మన దేశమూ ఆమోదించింది. అంటే ఏటా చిల్లు మూయకుండా గ్యాసు కొట్టించిన నేను, మా కారుని చల్లబరుచుకుంటూ బయట ఎండని ఇంకాస్త పెంచానన్న మాట!

సరే, ఈసారి వేరే షెడ్డుకి వెళ్ళాను. ఇక్కడా “సార్ రాలేదా?” అనే అడిగారు. “రాలేదు. ఇదిగో, ఈ అతుకు దగ్గర లీకవుతోంది. గ్యాసు బయటికి వదలకుండా మెషీన్లోకి లాగి తీయండి. ఓ-రింగు మార్చండి. వ్యాక్యూమ్ పెట్టి అరగంట నిలబడుతుందో లేదో చూపించండి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉందో అంతే తూచి వెయ్యండి. నేనిక్కడే కూర్చుంటాను” అన్నాను. పెద్దాయన నా మొహం వంక చూసి, కుర్చీ తెప్పించి వేయించాడు. “ఇలా అడిగేవాళ్ళు లేరమ్మా. అందరికీ గంటలో అయిపోవాలి. లీకు వెతుకుతానంటే డబ్బులు గుంజడానికి అనుకుంటారు” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే, తప్పంతా మెకానిక్కులది కాదు. అడగనివాడికి గ్యాసు అమ్మడమే తేలిక మరి. వంద రూపాయలైనా చేయని రబ్బరు చక్రం మారింది. ఆ వేసవి గడిచి, ఇంకో వేసవి కూడా గడిచింది. మళ్ళీ గ్యాసు పట్టించలేదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది కారు గురించి మాత్రమే కాదు.

కుక్కర్ గాస్కెట్ మేమే మారుస్తాం. విజిల్లో ఇరుక్కున్న మెతుకు మేమే తీస్తాం. స్టవ్ బర్నర్‌లో మసి పిన్నీసుతో పొడిచి మంట సరిచేస్తాం. కుట్టుమిషను నూనె వేసి, బెల్టు బిగిస్తాం. వీటన్నిటినీ ‘రిపేరు’ అని ఎవరూ అనరు, ఇంటిపని అంటారు. అదే పని బానెట్ కింద చేస్తే రిపేరు, దానికి సార్ రావాలి! బర్నర్‌లో మసి తీసే చెయ్యి ఫిల్టర్‌లో దుమ్ము తీయలేదా? 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన కారులో సుమారు వంద కిలోమీటర్లు పుట్టింటికి వెళ్ళింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే తన టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. మొదటి దూరప్రయాణంలోనే రిపేరు చేసింది ఒక ఇల్లాలు. మరి ఆ పిన్ను మన చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందంటారు?

మగవారిని ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. అంతా అయ్యాక మావారిని అడిగాను, “ఆ రోజు ఫోన్లో మెకానిక్ ఏం చెప్పాడండీ?” అని. ఆయన కాసేపు ఊరుకుని, “ఏదో చెప్పాడు. నాకేం అర్థం కాలేదు. తెలీదంటే బాగోదని సరే అన్నాను” అన్నారు. నవ్వొచ్చింది గానీ జాలి కూడా వేసింది. నేను ‘నాకు తెలీదు’ అంటే లోకం ఏమీ అనుకోదు. ఆడదానికి తెలీకపోవడం సహజమంటుంది. ఆయనకి ఆ వెసులుబాటు కూడా లేదు. తెలీకపోయినా తల ఊపాలి. ఇలా నన్ను అడగనివ్వని లోకం, ఆయన్ని ‘తెలీదు’ అననివ్వని లోకం ఒక్కటే. మధ్యలో పద్ధెనిమిది వందలు పోతే పోయాయి, అత్తయ్యగారు చెట్టుకింద కూలబడ్డ ఆ మధ్యాహ్నం మాటేమిటి?

అందరూ స్పానర్లు పట్టమని నేననను. ఇంట్లో వంద పనులతో సతమతమయ్యే ఆడవాళ్ళకి ఇదొక కొత్త పని అంటగట్టడం నా ఉద్దేశం కాదు. మెకానిక్ పని మెకానికే చేయాలి. కానీ ఏం చెడిందో తెలుసుకోవడం, ఏ ప్రశ్న అడగాలో నేర్చుకోవడం, ఏది మన చేతిలో పని, ఏది కాదో గీత గీసుకోవడం... ఇవి డబ్బు కట్టే ప్రతి మనిషికీ ఉండాల్సినవి. ఆడపిల్లకి కారు నడపడం నేర్పిస్తున్నాం, సంతోషం. దాంతోపాటు బానెట్ ఎత్తడం కూడా నేర్పించండి. మా అమ్మాయికి పదమూడేళ్ళు. మొన్న ఫిల్టర్ మార్చింది అదే. అన్నం తినే ముందు చేతులు కడుక్కోవడం మర్చిపోయి తిట్లు కూడా తింది!

నిన్న గుంటూరు నుంచి వస్తుంటే దారిలో పది నిమిషాలు ట్రాఫిక్ ఆగింది. అద్దంలోంచి వెనక్కి చూశాను. అత్తయ్యగారు నిద్రపోతున్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి, “చలిగా ఉందే అమ్మాయ్, కాస్త తగ్గించు” అన్నారు.

తగ్గించాను.